పేపర్లో పడని అరికాలు

జిల్లా విలేకరి పనిలో సగం చావులే. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు ఆ మాట ఎవరూ చెప్పరు. సభల గురించి చెబుతారు, నాయకుల గురించి చెబుతారు, పేరు గురించి చెబుతారు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో తిరిగినన్నాళ్ళూ నేను ఎక్కువగా రాసింది పోయినవాళ్ళ గురించే. గనిలో కప్పు కూలి పోయినవాళ్ళు, చెన్నూరు దగ్గర గోదావరిలో స్నానానికి దిగి మునిగినవాళ్ళు, గల్ఫ్ నుంచి పెట్టెలో తిరిగొచ్చినవాళ్ళు. అలాంటి వార్త ఎలా రాయాలో, ఎన్ని వాక్యాల్లో ముగించాలో మాకు బాగానే నేర్పారు.

ఒక్కసారిగా వచ్చే చావుకు పేపర్లో చోటుంటుంది. మెల్లగా, ఇంట్లోనే, కళ్ళ ముందే పెరిగే చావుకు ఉండదు. అది వార్త అయ్యేసరికి మనిషి పోయి ఉంటాడు.

నేను ఏ హోదాలో చేరానో, ఏ హోదాలో దిగిపోయానో ఇక్కడ రాయను. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఒక మనిషి గురించి, అతని అరికాలిలో ఉన్న ఒక మచ్చ గురించి రాస్తాను. ఈ పనిలో నాకు తెలిసిందంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఎప్పుడు?

నాకు పని నేర్పింది కరీంనగర్ ఎడిషన్ ఇన్‌ఛార్జి రాఘవరావు గారు. కోపిష్టి. మేం రాసిన కాపీ నచ్చకపోతే చింపేవారు కాదు, ముందు కూర్చోబెట్టి చదివించేవారు. చదువుతుంటే మనకే సిగ్గు వేసేది.

ఒకసారి సుల్తానాబాద్ రైస్‌మిల్లులో గొడవ గురించి రాసి పంపాను. అందులో అంతా ఉంది, ఎప్పుడు జరిగిందో లేదు. ఫోన్‌లో ఆయన అన్న మాట ఇది: "ఎప్పుడు అన్నది లేకపోతే అది వార్త కాదయ్యా, పుకారు. ఎవరినైనా ఏదైనా అడిగే ముందు ఎప్పుడని అడుగు. మనిషి తడబడ్డాడంటే అక్కడేదో ఉంది."

ఆ మాట నాకు అలవాటైపోయింది. పెళ్ళిళ్ళకు వెళ్ళినా అదే ప్రశ్న అడుగుతానని మా ఇంట్లో నవ్వేవారు.

పోశం మచ్చలు

పోశం మందమర్రిలో గని కార్మికుడు. భూమి లోపల కప్పు కూలకుండా దన్ను పెట్టే పని. గనిలో ప్రమాదం జరిగితే పైన ఆఫీసులో చెప్పేదొకటి, లోపల జరిగేదొకటి ఉండేది. లోపలిది నాకు చెప్పేవాడు పోశం. పేరు రాయవద్దనేవాడు, రాసేవాడిని కాదు. అలా చాలా ఏళ్ళు గడిచి, స్నేహమైంది.

అతని జోడీ ఓదెలు. వయసులో కొంచెం చిన్న. ఇద్దరూ ఒకే షిఫ్టు. గని పైకి వచ్చాక నల్లాల దగ్గర ఒకరి వీపు ఒకరు రుద్దుకునేవారు. మన వీపు మీది బొగ్గు మనకు కనబడదు కాబట్టి ప్రతివాడికీ ఒక జోడీ ఉండాలి. ఓదెలు రుద్దుతూ, "అన్నా, నీ వీపు మీద మా ఊరంత జాగ ఉన్నది, రుద్దేసరికి పొద్దుగూకుతది" అని ఎగతాళి చేసేవాడు.

గనిలో దెబ్బ తగిలితే గాయంలోకి బొగ్గు పొడి దూరుతుంది. పైన చర్మం మూసుకుంటుంది, పొడి లోపలే ఉండిపోతుంది. మానినచోట నీలం కలిసిన నల్లటి గీత మిగులుతుంది, పచ్చబొట్టులాగా. సబ్బుతో పోదు. బొగ్గు గనుల కాలనీల్లో ఆ గీతలు లేని మగవాడు తక్కువ. దాన్ని వాళ్ళు బొగ్గు మచ్చ అంటారు, కాస్త గర్వంగానే అంటారు.

పోశం ఒంటి మీద చాలా ఉండేవి. ప్రతిదానికీ ఒక కథ. కుదిరి కూచుంటే చొక్కా చేతులు మడిచి చూపించేవాడు. "గిది సార్, పెద్ద బండ కూలిన పొద్దుది. గిది నా లగ్గమైన నెలకు. గీ బొటనవేలు కాడిది మా స్వరూప పుట్టిన దినం. కబురు అచ్చిందని ఉరికిన, దుంగ తాకింది." స్వరూప అతని కూతురు. ఆ మచ్చను చూపించినప్పుడల్లా ఆ అమ్మాయి ముఖం తిప్పుకునేది, "షురూ చేసిండు మా బాపు" అనేది.

ఒక రోజు పాత క్వార్టర్లు కూలగొడుతున్నారన్న వార్త కోసం వాళ్ళ కాలనీకి వెళ్ళాను. పోశం ఇంటి ముందు కుంటుతూ నీళ్ళ బిందె తెస్తున్నాడు.

"కాలుకేమైంది పోశం?"

"ఏం గాలే సార్. అరికాల్ల బొగ్గు ఉన్నది. కంపెనీది జర నా తాన్నే ఉండిపోయింది, వాపస్ ఇయ్యలే."

అతని భార్య రాజవ్వ లోపలి నుంచి వచ్చింది. "బొగ్గంటడు, ఆనెకాయ అంటడు, రోజుకో మాట. బ్లేడు వెట్టి చెక్కుకుంటడు సార్, కట్టె చెక్కినట్టు. జీడిగింజ గూడ కాల్చి పెట్టిండు."

"నువ్వు ఊకో. సార్‌కు చాయ్ వెట్టు."

చూపించమన్నాను. చూపించడానికి మొహమాటపడ్డాడు. పెద్దమనిషి ముందు కాలు చాపడం అతనికి కష్టం. చివరికి గడప మీద కూర్చుని పాదం తిప్పాడు. మడమకు ముందు, నడిచేటప్పుడు బరువు పడే చోట, మచ్చ ఉంది. రూపాయి బిళ్ళ కన్నా పెద్దది. ఒక పక్క గోధుమరంగు, ఒక పక్క నీలం, మధ్యలో కటిక నలుపు. అంచులు కాగితం మీద ఒలికిన సిరాలాగా ఎటుపడితే అటు పాకాయి. బ్లేడు పెట్టినచోట పచ్చిగా ఉంది.

అలవాటు కొద్దీ అడిగాను. "ఇది ఎప్పటిది?"

పోశం నోరు తెరిచి ఆగిపోయాడు. ఒంటి మీది ప్రతి గీతకూ రోజు చెప్పగలిగిన మనిషి ఈ ఒక్కదాని ముందు తడబడ్డాడు.

"గిది... ఎన్నడో తాకి ఉంటది సార్."

"ఎన్నడు?"

"యాదికి లేదు."

రాజవ్వ అంది: "రెండేండ్ల కింద శెనగగింజంత ఉండె."

నాకు వైద్యం తెలియదు. కానీ దెబ్బ తగిలిన రోజంటూ లేని మచ్చ, ఏటేటా పెరిగే మచ్చ, బొగ్గు మచ్చ ఎలా అవుతుంది? ఫోన్‌లో ఫోటో తీసి కరీంనగర్‌లో నాకు తెలిసిన చర్మవ్యాధుల డాక్టరమ్మకు పంపాను. పావుగంటలో ఫోన్ వచ్చింది. రేపే తీసుకురండి, బ్లేడు తగలనివ్వకండి, అంది.

మీ పేపర్లనే రాసిండ్రు

పోశం రాలేదు.

"డ్యూటీ ఉన్నది సార్. మస్టర్లు తక్కువైతయి." మస్టర్లంటే హాజరు. ఏడాదికి ఇన్ని అని నిండాలి. అవి నిండాక చూద్దామన్నాడు.

"అది క్యాన్సర్ కావచ్చంటున్నారు పోశం" అన్నాను. డొంకతిరుగుడు లేకుండానే చెప్పాను.

అతను నవ్వాడు. "మీ పేపర్లనే రాసిండ్రు గద సార్. తోలు క్యాన్సర్ తెల్లతోలోల్లకు అస్తదని, సముద్రం ఒడ్డుకు ఎండల పండేటోల్లకు అస్తదని. నేను నల్లగుంటి. ఎండ సూసుడే తక్కువ, భూమిల ఉంటి. నాకేడికెల్లి అస్తది?"

నిజమే, మా పేపర్లోనే వచ్చింది. ఆరోగ్యం పేజీ హైదరాబాద్ నుంచి తయారై వచ్చేది. ఎక్కడిదో ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేసి వేశారు. ఒక విదేశీయుడి వీపు బొమ్మ. ఎండలో తిరగకండి, క్రీము రాసుకోండి, వీపు మీది పుట్టుమచ్చలు చూసుకోండి. అందులో అబద్ధం లేదు. మందమర్రికి పనికొచ్చే ముక్క మాత్రం ఒక్కటీ లేదు. తెలుగు చేసినవాడు పని బాగానే చేశాడు, ఎవరు చదువుతారని మాత్రం ఆలోచించలేదు. పోశం ఆ వ్యాసాన్ని శ్రద్ధగా చదివి, తనకు ఆ జబ్బు రాదని తేల్చుకున్నాడు. చదవనివాడికి కనీసం ఆ ధీమా ఉండేది కాదు.

కొత్తవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదే. తప్పు వార్త ఒక్కటే చెడుపు చేస్తుందనుకోకండి. వేరేవాళ్ళ కోసం రాసిన నిజం కూడా చేస్తుంది.

ఎన్నిసార్లు వెళ్ళినా, ఓదెలు చేత చెప్పించినా పోశం కదల్లేదు. మస్టర్లు నిండాయి. ఆ తర్వాత గజ్జల్లో గడ్డ లేచింది. అప్పుడు, తనే ఫోన్ చేశాడు. "సార్, ఆ మేడం ఉన్నదా?"

డాక్టరమ్మ గదిలో

కరీంనగర్‌కు నేను, ఓదెలు తోడు వెళ్ళాం. డాక్టరమ్మ పాదం చూసింది, గజ్జల్లో తడిమింది, మళ్ళీ పాదం దగ్గరికే వచ్చింది. ఆ ముఖం నాకు తెలుసు. గని దగ్గర, లోపలికి పోయినవాళ్ళు ఇంకా బయటికి రానప్పుడు అధికారుల ముఖాలు అలాగే ఉంటాయి.

"బొగ్గు గాదా మేడం?" అన్నాడు పోశం.

"బొగ్గు పెరుగుతుందా పోశం గారూ?"

అతను కొంచెం ఆలోచించాడు. "తరుగుడే చూసిన మేడం. పెరుగుడు ఎన్నడు చూడలే."

ఓదెలు నవ్వబోయి ఆపుకున్నాడు.

ఆమె విడమరచి చెప్పింది. నల్లమచ్చగా మొదలయ్యే ఈ క్యాన్సర్ మనలాంటి రంగువాళ్ళకు తక్కువే. కానీ వచ్చినప్పుడు ఎండ తగిలే చోట కన్నా అరికాలిలో, అరిచేతిలో, గోరు కింద ఎక్కువగా వస్తుంది. ఎవరూ చూడని చోట్లు. శనగగింజంత ఉన్నప్పుడు కోసి తీసేస్తే చాలావరకు అక్కడితో పోతుంది. గజ్జల్లోకి పాకాక దారి పొడుగు.

ముక్క కోసి పరీక్షకు పంపారు. ఆమె అనుకున్నదే తేలింది. హైదరాబాద్‌లో మడమ ముందు భాగం తీశారు, గజ్జల్లో గడ్డలు తీశారు, మందులు ఎక్కించారు. కొన్ని నెలలు ఊతకర్రతో తిరిగాడు. తర్వాత ఊపిరితిత్తుల్లో కనిపించింది.

మొదటిసారి కరీంనగర్ నుంచి బస్సులో తిరిగి వస్తుంటే ఓదెలు కిటికీ వైపు తిరిగి అన్న మాట: "ఇన్నేండ్లు వీపు రుద్దిన సార్. వీపు మీద చీమ పారినా చెప్పేటోన్ని. అరికాలు ఎవడు చూస్తడు?"

ముఖం వేద్దాం

మంచాన పడ్డాక పోశం ఒకటే అడిగాడు. "సార్, ఆ పొద్దు నా కాలు ఫోటో తీసిండ్రు గద. గది పేపర్ల ఎయ్యుండ్రి. మా బాయి మీదోల్లందరు చూస్తరు. నా తీర్గ బొగ్గని బ్లేడు వెట్టేటోల్లు ఇంకెందరున్నరో." బాయి అంటే వాళ్ళ భాషలో గని.

వార్త రాశాను. నేను శుభ్రంగా రాసినవాటిలో అదొకటి. ఫోటో జత చేసి పంపాను. రాఘవరావు గారు ఫోన్ చేశారు.

"కాపీ బాగుంది. ఫోటో వద్దు."

"ఫోటోనే వార్త సార్."

"పొద్దున్నే టీ తాగుతూ పేపరు తెరిచేవాడికి పుండు పడిన కాలు చూపిస్తామా?"

"పుండు తక్కువే సార్, మచ్చ ఎక్కువ."

"ఏదైనా కాలే కదయ్యా. మనిషికి ముఖం ఉంది, ముఖం వేద్దాం. పాఠకుడు ముఖంతో మాట్లాడతాడు."

మర్నాడు పోశం ముఖం వచ్చింది. గుర్తింపు కార్డు కోసం దిగిన పాత ఫోటో, దువ్విన మీసం. మచ్చ అంచులు, రంగులు ఎలా చూసుకోవాలో డాక్టరమ్మ చెప్పిన పేరా చోటు చాలక ఎగిరిపోయింది. శీర్షిక: 'మహమ్మారిపై గని కార్మికుడి పోరు'. ఆ పోరు అప్పటికే ముగిసిందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

పేపరు తీసుకుని వెళ్ళాను. పోశం చూసి పక్కన పెట్టాడు. "నా మొఖం ఎందుకేసిండ్రు సార్? మొఖం మంచిగనే ఉన్నది గద."

ఓదెలు తేలిక చేయబోయాడు. "మీసం చూసి ఎవలన్న ఫోన్ చేస్తరే అన్నా. వదినెకు చెప్పకు."

పోశం గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ వారమంతా కాలనీవాళ్ళు వచ్చి పండ్లు ఇచ్చి వెళ్ళారు. అయ్యో అన్నారు. తన కాలు చూసుకున్నవాడు ఒక్కడూ లేడు. రాఘవరావు గారు నాకు చాలా నేర్పారు, ఆ గౌరవం ఇప్పటికీ ఉంది. కానీ ఆ రోజు ఆయన తీసుకున్న నిర్ణయం తప్పు. ముఖం చూస్తే ఎదుటివాడి మీద జాలి కలుగుతుంది. కాలు చూసి ఉంటే తమ మీద తమకు భయం కలిగేది. ఆ రోజు కావలసింది భయమే.

ఆ రోజు పోయిన పేరా

చోటు చాలక పోయిన ఆ పేరాను కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను. డాక్టరమ్మ చెప్పిందే, నా మాటల్లో.

నెలకోసారి స్నానమయ్యాక వెలుతురులో కూర్చోండి. కరెంటు బల్బు కన్నా పగటి వెలుగు మంచిది. పాదం తిప్పి అరికాలు చూడండి, వేళ్ళు విడదీసి సందులు చూడండి. కాళ్ళవీ చేతులవీ గోళ్ళు చూడండి. దెబ్బ తగలకుండా గోరులో కొత్తగా నల్లగీత పడి, అది వెడల్పవుతుంటే, గోరు దాటి చర్మంలోకి రంగు పాకుతుంటే చూపించాలి. వీపు, మెడ వెనుక భాగం, తలలో వెంట్రుకల మధ్య మీకు కనబడవు. ఇంట్లోవాళ్ళను చూడమనండి. అరికాలికి కూడా జోడీ ఉండాలి.

అన్ని మచ్చలూ చెడ్డవి కావు. చాలావరకు పుట్టుమచ్చలు జీవితమంతా ఊరకే ఉంటాయి. రెండు సగాలు ఒకేలా లేని మచ్చ, అంచు వంకర పోయిన మచ్చ, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, మిగతా మచ్చల మధ్య వేరుగా కనిపించేది, పెరిగేది, దురద పెట్టి రక్తం కారేది చూపించాలి. వారాలు గడిచినా మానని పుండును, ఎన్నడో కాలిన పాత మచ్చ మీద లేచిన పుండును కూడా చూపించాలి. అనుమానముంటే పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీసి ఉంచుకోండి, వచ్చే నెల పోల్చవచ్చు. కానీ పెరుగుతోందని తెలిశాక మరో నెల ఆగకండి. బ్లేడు, జీడిగింజ, ఆసిడ్ పెట్టకండి.

గని ప్రాంతంవాళ్ళకు ఇంకొక్క మాట. మీ ఒంటి మీది బొగ్గు మచ్చలన్నిటికీ కథ ఉంటుంది. కథ లేని నల్లమచ్చ ఉంటే, దాని గురించి డాక్టర్‌ను అడగండి.

దినాలు

వానాకాలం మొదట్లో పోశం పోయాడు. అప్పటికి నేను ఉద్యోగం నుంచి దిగిపోయాను.

దినాలకు వెళ్ళాను. టెంటు ముందు ఫ్లెక్సీ కట్టారు. పైన పోశం ముఖం, పూలదండ, పేరు. కింద అంతే పెద్దదిగా అరికాలు, నల్లమచ్చతో. నేను తీసిన ఫోటోనే. స్వరూప అడిగితే నేనే పంపాను, ఎందుకో తను చెప్పలేదు. మచ్చ పక్కన ఒకటే వాక్యం: 'మా బాపు గిది బొగ్గనుకున్నడు'.

ఫ్లెక్సీ షాపువాడు వేయనన్నాడట. దినాల ఫ్లెక్సీ మీద కాలు వేస్తే పాపం చుట్టుకుంటుందన్నాడట. స్వరూప అక్కడే కూర్చుందట. "పాపం నాకు చుట్టుకోనియ్యి, నువ్వు అచ్చు కొట్టు" అందట. ఇంటి పెద్దలు కూడా గొడవపడ్డారు. ఒక ముసలాయన నా పక్కనే కూర్చుని గొణుగుతున్నాడు: "ముద్ద ఎట్ల దిగుతది బిడ్డా, గది చూస్కుంట?"

అన్నం దగ్గర అందరూ కింద, వరుసలో, చెప్పులు విడిచి, కాళ్ళు మడిచి కూర్చున్నారు. అలా కూర్చుంటే అరికాళ్ళు పైకి తిరుగుతాయి. ఎదురుగా ఆ ఫ్లెక్సీ. ముందు ఒకతను తన పాదం వంక చూశాడు. పక్కవాడు చూశాడు. తర్వాత వరుస పొడుగునా తలలు వంగాయి. విస్తళ్ళలో అన్నం చల్లారుతోంది. రాఘవరావు గారు వద్దన్నది సరిగ్గా ఇదే.

నా ఎదురుగా ఓదెలు. అతను కూడా ఎడమ పాదం తిప్పి చూసుకుంటున్నాడు. బొటనవేలి కింద ఒక నల్లమచ్చ. చిన్నదే, మినపగింజంత.

అలవాటైన ప్రశ్నే అడిగాను. "ఓదెలూ, అది ఎప్పటిది?"

అతను ఆ మచ్చను వేలితో తడిమాడు. కథ కోసం వెతుకుతున్నట్టు కాసేపు దాన్నే చూశాడు.

"తెల్వది సార్."

"రేపు పొద్దున కరీంనగర్ పోదాం."

"రేపా? రేపు డ్యూటీ ఉన్నది సార్."

వరుసలో అన్నం వడ్డిస్తూ వస్తున్న స్వరూప అతని ముందు ఆగిపోయింది. చేతిలో గంటె అలాగే ఉంది.

"మా బాపు గూడ గదే అన్నడు కాకా."

ఓదెలు తలెత్తలేదు. తిప్పిన పాదాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేదు. అందరికీ కనబడేలా, వెలుతురులో, అలాగే ఉంచాడు.